చలి పొద్దున లేవని కంప్యూటర్: నా అనుభవం

హన్మకొండ అదాలత్ దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. అఫిడవిట్లు, పెళ్లి కార్డులు, యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లు, బడుల ప్రశ్నపత్రాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు చేస్తాం. షాపులో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. కొత్తదాన్ని బిల్లులకు, ఆన్‌లైన్ దరఖాస్తులకు వాడతాం. కంపోజింగ్ మాత్రం 2010లో కొన్న పాత డెస్క్‌టాప్ మీదే. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్లు, 13 ఏళ్ల ఫైళ్లు అందులోనే ఉన్నాయి. అవి ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో కొట్టినవి కావు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, ఏవేవో గుర్తులు కలిసి కనిపిస్తాయి. అందుకే ఆ మెషిన్ మొరాయించినప్పుడు "పాతది తీసేసి కొత్తది కొను" అన్న సలహా నాకు పనికిరాలేదు.

2023 నవంబర్ రెండో వారంలో మొదలైంది. 30వ తేదీన అసెంబ్లీ పోలింగ్. కరపత్రాల పని గొంతు దాకా ఉంది. పొద్దున 7 గంటలకు షటర్ ఎత్తి బటన్ నొక్కితే ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగిపోయింది. కాసేపటికి దానంతట అదే మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. తెర నల్లగానే ఉంది. బీప్ కూడా లేదు. ప్లగ్ తీసి పెట్టి, మళ్లీ నొక్కి, అయిదోసారో ఆరోసారో చిన్న బీప్ వినిపించింది, విండోస్ వచ్చింది. ఇక సాయంత్రం దాకా ఏ ఢోకా లేదు. మర్నాడు పొద్దున మళ్లీ అదే కథ.

అందరిలాగే నేనూ మొదట ర్యామ్‌నే, అంటే మెమరీ కార్డులనే అనుమానించాను. క్యాబినెట్‌ను వరండాలోకి తెచ్చి, మూత తీసి, దుమ్ము దులిపాను. రెండు ర్యామ్ కార్డులూ తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టాను. నొక్కగానే లేచింది. గెలిచామనుకున్నాను. తెల్లారి మళ్లీ ఏడుసార్లు నొక్కాల్సి వచ్చింది. ఒక్కో కార్డే పెట్టి చూశాను, స్లాట్ మార్చి చూశాను. ఏ మార్పు చేసినా ఆ రోజుకు బాగానే ఉంటుంది, మర్నాటికి పాత పాటే. అప్పుడు నాకు తట్టని సంగతి ఇప్పుడు చెప్తాను. ఈ శుభ్రాలన్నీ నేను పదిన్నర దాటాక, గిరాకీ తగ్గాక, ఎండలో కూర్చుని చేశాను. అప్పటికి మదర్‌బోర్డు, అంటే లోపల భాగాలన్నీ అమర్చిన పెద్ద పలక, ఎలాగూ వేడెక్కింది. ర్యామ్‌ను ముట్టకపోయినా ఆ టైముకు లేచేదే.

ఆ మూత తీసినప్పుడే ఇంకొకటి కనిపించింది. కంప్యూటర్ లేచాక తేదీ 2009 జనవరి 1 అని చూపిస్తోంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ ఉంటుంది, సీఆర్2032 అంటారు. కొత్తదైతే 3 వోల్టులు చూపించాలి, మాది 2.4 చూపించింది. 40 రూపాయలు పెట్టి మార్చాను. గడియారం సరైంది. లేవడం మాత్రం సరికాలేదు. ఒకే మెషిన్‌లో ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు జబ్బులు ఉండొచ్చని నాకు అక్కడే తెలిసింది. ఒకటి దొరకగానే "ఇదే కారణం" అని మూత బిగించేస్తాం, అక్కడే పొరపాటు జరుగుతుంది.

మధ్యలో ఒక మంచి పని చేశాను. అది మొదటి రోజే చేయాల్సింది. హార్డ్ డిస్క్ విప్పి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో కొత్త కంప్యూటర్‌కు తగిలించి, ఫైళ్లన్నీ కాపీ చేసుకున్నాను. ఫాంట్లను కూడా విడిగా దాచాను. రోజూ ఏడెనిమిదిసార్లు కరెంటు వచ్చీ పోయీ అవుతుంటే డిస్క్ ఎన్నాళ్లు తట్టుకుంటుందో చెప్పలేం. ఆ రాత్రి నుంచే నాకు నిద్ర పట్టింది. ఇలాంటి సమస్య ఎవరికి వచ్చినా స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఈ పని చేయమనే చెప్తాను.

పోలింగ్ అయిపోయాక మెషిన్‌ను ఒక రిపేరు షాపులో ఇచ్చాను. రెండు రోజులు పెట్టుకున్నారు. అక్కడి పిల్లగాడు నిజాయితీగానే చెప్పాడు: "అన్నా, పదిసార్లు ఏసి చూసినం, పదిసార్లు లేచింది. మా దగ్గర ప్రాబ్లమే వస్తలేదు." వాళ్ల షాపు తెరిచేదే 11 గంటలకు. ఊరికే తిరిగి పంపడం ఎందుకని ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్‌కు కావలసిన వోల్టులకు మార్చే డబ్బాను పరీక్షించారు. 24 పిన్నుల కనెక్టర్‌లో పచ్చ వైరును, నల్ల వైరును చిన్న తీగ ముక్కతో కలిపితే ఫ్యాన్ తిరిగింది. 12 వోల్టుల లైన్ 11.9 చూపించింది. 11.4 నుంచి 12.6 దాకా ఉంటే సరైనదే. కానీ ఏ లోడూ లేకుండా కొలిస్తే పాడైనది కూడా బాగానే కనిపించవచ్చు. దాంతో "ఎందుకైనా మంచిది, మార్చేద్దాం" అన్నాడు. 1,100 రూపాయలు పెట్టి కొత్తది వేయించుకుని డిసెంబర్ 4న ఇంటికి తెచ్చాను.

5న, 6న, 7న పొద్దున్నే మొదటి నొక్కుకే లేచింది. బాగైపోయిందని అందరికీ చెప్పుకున్నాను. అవి తుఫాను రోజులు. బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మా వైపు కూడా ముసురు పట్టించింది. ఆకాశం నిండా మబ్బులుంటే రాత్రి చలి అంతగా దిగదు. పొద్దున షాపులోకి వెళ్తే వెచ్చగానే ఉండేది. ఆ వెచ్చదనానికీ కంప్యూటర్ లేవడానికీ లంకె ఉందని నేను అనుకోలేదు. మబ్బులు తేలిపోయాయి, చలి దిగింది, 11వ తేదీ పొద్దున తొమ్మిదిసార్లు నొక్కాను. ఆ పొద్దున షాపులో కుర్చీలో కూలబడ్డాను. బయట అఫిడవిట్ కోసం ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లను పక్క షాపుకు పంపాను.

తర్వాత అనుమానం కరెంటు మీదికి పోయింది. దానికి కారణం ఉంది. చెప్పులు లేకుండా నిలబడి క్యాబినెట్‌ను ముట్టుకుంటే చిమచిమలాడేది. కరెంటు పని చేసే తమ్ముడిని పిలిచాను. ఫేజు, న్యూట్రల్ మధ్య 231 వోల్టులు, బాగానే ఉంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మాత్రం 60 దాకా చూపిస్తూ ఊగుతోంది. అక్కడ ఒకటి రెండు వోల్టులకు మించి ఉండకూడదు. వెనక సందులోకి పోయి చూస్తే ఎర్తింగ్ పైపుకు బిగించిన తీగ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. ఎన్నేళ్లయిందో తెలియదు. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి డబ్బా ఒంటికి చిన్న కండెన్సర్లు (కరెంటును కాసేపు నిలవ ఉంచి వదిలే భాగాలు) కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కొద్ది కరెంటు భూమిలోకి పోతుంది. తెగితే క్యాబినెట్ మీద ఇంట్లోకి వచ్చే వోల్టేజీలో సగం దాకా నిలుస్తుంది. చాలా కొద్ది కరెంటు కాబట్టి చిమచిమ అంటుంది. బొగ్గు, ఉప్పు వేసి గుంత నింపి, కొత్త తీగ బిగించి, నాలుగు బిందెల నీళ్లు పోశాం. చిమచిమ పోయింది. ఆ ఖర్చు నాకు ఇప్పటికీ వృథా అనిపించదు. అది మా ప్రాణాలకు సంబంధించిన పని. కానీ పొద్దున్నే కంప్యూటర్ మాత్రం లేవలేదు.

దారి చూపించింది నా భార్య. ఆమె మధ్యాహ్నం రెండింటికి వచ్చి టైపింగ్ చేస్తుంది. నేను విసుగుతో ఏదో అంటుంటే, "నేను పగటీలి వచ్చినప్పుడు ఒక్కసారన్న ఇట్ల చేసిందా? ఎప్పుడు జూసినా పొద్దుగాలనే ఎందుకైతది?" అంది. నెల రోజులుగా కళ్ల ముందున్న ప్రశ్న. నేను "ఏది పాడైంది" అని వెతుకుతున్నాను గానీ "ఎప్పుడు పాడవుతోంది" అని అడగలేదు.

డిసెంబర్ 17 నుంచి ధనుర్మాసం. పెళ్లి కార్డుల పని తగ్గుతుంది. పాత బిల్లు పుస్తకం ఒకటి తీసి గీతలు గీశాను. తేదీ, టైము, ఎంతసేపు ఆఫ్‌లో ఉంది, చలి ఎంత, ఎన్నిసార్లు నొక్కితే లేచింది. ఏ పార్టూ ముట్టుకోవద్దని ఒట్టు పెట్టుకున్నాను. ఎనిమిది రోజులు రాశాను. పొద్దున 7 గంటలు, రాత్రంతా ఆఫ్, 13 డిగ్రీలు: 9 సార్లు. అదే రోజు మధ్యాహ్నం 2 గంటలు, గంట సేపు ఆఫ్: ఒక్కసారి. రాత్రి 8, పది నిమిషాలు ఆఫ్: ఒక్కసారి. ఒకరోజు పని మీద జనగామ పోయి 12 గంటలకు షాపు తెరిచాను: 3 సార్లు. ఆదివారం మూసి సోమవారం పొద్దున తెరిస్తే 11 సార్లు. ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు. ర్యామ్‌కు, సెల్‌కు, ఎర్త్‌కు పొద్దు మాపు తేడా ఉండదు. చలికి బిగుసుకునేది ఏదో లోపల ఉంది.

వరంగల్ మట్టెవాడలో పాత టీవీలు, రేడియోలు బాగు చేసే పెద్దాయన ఉన్నాడు. మా బాపు ట్రాన్సిస్టర్ కూడా ఆయన దగ్గరికే పోయేది. కంప్యూటర్లు ఆయన పని కాదు. అయినా పుస్తకం పట్టుకుని పోయాను. అద్దాలు సరిచేసుకుని రెండు పేజీలూ చదివాడు.

"నీ డబ్బా చూడకముందే చెప్తున్న బిడ్డా, ఇది కండెన్సర్ల పని" అన్నాడు.

"షాపులో అంతా చూసిన్రు కాకా, బాగనే ఉందన్నరు."

"వాళ్లు 11 గంటలకు చూసిన్రు. నువ్వు 7 గంటలకు చూస్తున్నవు. ఇద్దరిదీ కరెక్టే."

ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకుందీ కలిపి రాస్తున్నాను. ప్రాసెసర్‌కు కావలసింది ఒకటి, ఒకటిన్నర వోల్టుల మధ్య చాలా నిలకడైన కరెంటు. బోర్డు దాన్ని 12 వోల్టుల లైన్ నుంచి తయారు చేసుకుంటుంది. అలా తయారైన కరెంటులో అలలు లేకుండా సర్దేవి ప్రాసెసర్ పక్కన వరసగా నిలబడ్డ కండెన్సర్లు. వాటి లోపల తడి ఉన్న రసాయనం ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ తడి తగ్గుతూ వస్తుంది, కరెంటుకు లోపలి అడ్డు పెరుగుతుంది. చలిలో ఆ అడ్డు ఇంకా పెరుగుతుంది. బటన్ నొక్కిన తొలి క్షణంలో ప్రాసెసర్ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, వోల్టేజీ నిలవదు, బోర్డు తనను తాను ఆపుకుంటుంది. ప్రతిసారీ ఆ అడ్డు గుండా కరెంటు పోతుంది కాబట్టి కండెన్సర్లు కొంచెం కొంచెంగా వేడెక్కుతాయి. ఆరోసారికో తొమ్మిదోసారికో సరిపడా వెచ్చబడి మెషిన్ లేస్తుంది. నేను ఇన్నాళ్లూ పట్టు వదలకుండా బటన్ నొక్కుతూ చేసింది ఆ కండెన్సర్లను వేడి చేయడమే.

నాకు నమ్మకం కుదిరినా కాకా ఊరుకోలేదు. "నమ్మకం కాదు, పరీక్ష కావాలె. ఇంట్ల జుట్టు ఆరబెట్టుకునేది ఉందా?" అన్నాడు. మా బిడ్డ హెయిర్ డ్రయ్యర్ ఉంది. ఆయన చెప్పినట్టే చేశాను. మొదటి పొద్దున బటన్ నొక్కకముందే ఎస్ఎంపీఎస్ జాలీ లోపలికి రెండు నిమిషాలు వేడి గాలి కొట్టాను. లేవలేదు, ఎనిమిదిసార్లు పట్టింది. రెండో పొద్దున ప్రాసెసర్ పక్కన కండెన్సర్ల మీద, జానెడు దూరం నుంచి, తక్కువ వేడి మీద రెండు నిమిషాలు. మొదటి నొక్కుకే లేచింది. ఒళ్లు జలదరించింది. మూడో పొద్దున ఏమీ చేయకుండా నొక్కాను, తొమ్మిదిసార్లు. నాలుగో పొద్దున మళ్లీ కండెన్సర్ల మీద వేడి గాలి, మళ్లీ మొదటి నొక్కుకే. ఒక్కసారి చూసి నమ్మొద్దని కాకా గట్టిగా చెప్పకపోతే రెండో రోజే ఆపేసేవాణ్ని. మబ్బు రోజుల్లో ఎలా మోసపోయానో గుర్తుంది కాబట్టి ఆయన మాట విన్నాను.

టార్చి వేసి దగ్గరగా చూస్తే అయిదు కండెన్సర్లలో రెండింటి నెత్తులు కొంచెం ఉబ్బి ఉన్నాయి. మంచివాటి నెత్తి చదునుగా, మధ్యలో గీతలతో ఉంటుంది. మాది ఎంత తక్కువ ఉబ్బు అంటే గోరు ఆనించి పక్కదానితో పోల్చుకుంటేనే తెలిసింది. అందుకే రిపేరు షాపులో ఎవరికీ కనబడలేదు.

వాటి మీద 6.3 వోల్టులు, 1500 మైక్రోఫారడ్, 105 డిగ్రీలు అని ఉంది. హన్మకొండలో అడిగితే మామూలువి, 85 డిగ్రీలవి దొరికాయి. అవి వద్దన్నాడు కాకా. ఈ చోటికి లోపలి అడ్డు తక్కువగా ఉండే రకం, లో ఈఎస్ఆర్ అనేవి కావాలి. మామూలువి వేస్తే రెండు నెలల్లో మళ్లీ వస్తావన్నాడు. జనవరి మొదటి వారంలో కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి పోయాను. 130 కిలోమీటర్లు పోయి నేను తెచ్చింది చిన్న కాగితం పొట్లంలో పది కండెన్సర్లు. అయిదు పనికి, అయిదు చేతిలో ఉండటానికి. వోల్టులు రాసినదానికంటే ఎక్కువైనా ఫరవాలేదు గానీ తక్కువ కాకూడదు. లావు కూడా చూసుకోవాలి, పక్కపక్కన ఇరుకుగా ఉంటాయి కాబట్టి 8 మిల్లీమీటర్లవి తెచ్చాను.

పని మట్టెవాడలో ఆయన బల్ల మీదే జరిగింది, దాదాపు మూడు గంటలు. ముందు నా చేత ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీయించాడు, ఏ కాలు ఎటువైపో తెలియడానికి. కండెన్సర్ ఒంటి మీద గీత ఉన్న వైపు నెగటివ్. బోర్డు మీద సగం రంగు నింపిన గుండ్రం గుర్తు ఉంటుంది. ఎక్కువ బోర్డుల్లో ఆ రంగు నెగటివ్ వైపే, కానీ కొన్ని కంపెనీలు తిరగేసి వేస్తాయి. గుర్తును నమ్మి తలకిందులుగా పెడితే పేలుతుంది, అందుకే ఫొటో. మదర్‌బోర్డు పొరలు పొరలుగా ఉంటుంది, లోపలి రాగి పొర వేడినంతా తాగేస్తుంది. ఆయన రేడియోలకు వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌కు, కాళ్లను బోర్డుకు అతికించే లెడ్డు కరగనే లేదు. 60 వాట్లది తీశాడు. పాత అతుకు మీద కొంచెం కొత్త లెడ్డు పెట్టి, ఒక కాలు వేడి చేసి కొద్దిగా వంచి, రెండో కాలు వేడి చేసి అటు వంచి, అలా ఊపుతూ ఊపుతూ ఒక్కొక్కటే పైకి లాగాడు. బెజ్జంలో మిగిలిన లెడ్డును కరిగించి కుట్టు సూదితో తోశాడు. బలవంతంగా లాగితే బెజ్జం లోపలి రాగి గొట్టం ఊడివస్తుందట, బోర్డు అంతటితో పోతుంది. ఉబ్బినవి రెండే అయినా అయిదూ మార్చాడు. అన్నీ ఒకే ఈడువి, ఒకే వేడి తిన్నవి.

ఎస్ఎంపీఎస్ కూడా విప్పి చూద్దామా అని నేనే అడిగాను. కోప్పడ్డాడు. ప్లగ్ తీసేసినా దాని పెద్ద కండెన్సర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. ఆయన వయసంతా టీవీల మధ్య గడిపిన మనిషి, ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. తెలియనివాళ్లు ఆ డబ్బా విప్పకూడదు, నేనూ అదే చెప్తున్నాను.

కూలి 300 తీసుకున్నాడు. ఇంకో వంద పెట్టబోతే తీసుకోలేదు.

బాగైందని ఈసారి ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలోనే రాశాను. మొదటి పొద్దున, రాత్రంతా ఆఫ్, 14 డిగ్రీలు: 1. రెండో పొద్దున: 1. ఆదివారం మూసి సోమవారం: 1. వారం తర్వాత పాత ఎస్ఎంపీఎస్‌ను తిరిగి పెట్టి చూశాను, దానితోనూ 1. అంటే దాని తప్పేమీ లేదు. కొత్తది డబ్బాలో పెట్టి అటక మీద పెట్టాను, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. రెండు ర్యామ్ కార్డులూ పాతవే. తీసేసిన అయిదు కండెన్సర్లు పుస్తకం అట్టకే టేపుతో అంటించి ఉంచాను.

ఫిబ్రవరిలో మాఘమాసం పెళ్లిళ్లు, ఆ నెలలోనే మేడారం జాతర. సంక్రాంతి దాటగానే కార్డులు, బ్యానర్ల పని మొదలైంది. పాత ఫైళ్లను కొద్దికొద్దిగా యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. మధ్యాహ్నాలు నా భార్య ఆ పనే చేస్తోంది, ఇంకా చాలా మిగిలి ఉంది. ఆ చలికాలం చివరి చలి పొద్దున 6:50కి షటర్ ఎత్తాను. పరకాల నుంచి వచ్చినవాళ్లు శుభలేఖ ప్రూఫ్ కోసం అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. బటన్ నొక్కాను. ఒక బీప్ వినిపించింది. పుస్తకంలో 1 అని రాసి, వాళ్ల ఫైలు తెరిచాను.